కాలికేం తెలుసు, ఎటు తిరగాలో

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. మొన్న ఆదివారమంతా అమ్మ పాత కుట్టు మిషను ముందే కూలబడ్డాను రా. బెల్టు తెగి ఏడాదిగా మూలన పడుంది. కొత్త తోలు బెల్టు తగిలించి, నాలుగు చుక్కలు నూనె వేసి, దర్జాగా కూచుని తొక్కానా, చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కుమంది. అలా మూడుసార్లు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ముందు పై చక్రం మీద చెయ్యెయ్యరా, కాలికేం తెలుసు ఎటు తిరగాలో" అనేసి పోయింది.

నిజమే కదా! కాలు చేసేది కిందకీ పైకీ ఊపడమే. పెడలు నుంచి కడ్డీ వెళ్ళి పెద్ద చక్రానికి ఇరుసు పక్కన తగులుతుంది, అక్కడ ఆ ఊపు తిరుగుడైపోతుంది. కడ్డీ సరిగ్గా ఇరుసుకి సూటిగా వచ్చిన చోట ఎంత తొక్కినా కదలదు. కాస్త అవతలుంటే అటు, ఇవతలుంటే ఇటు పోతుంది. అందుకే మొదటి తోపు చేత్తో ఇవ్వాలి. ఆ తర్వాత చక్రం బరువే ఆ చోటు దాటించేస్తుంది.

టేపు పెట్టి కొలిచాను. కింది చక్రం 12 అంగుళాలు, పైన బెల్టు పడే గాడి 3. అంటే ఒక్క తొక్కుకి 4 కుట్లు. ఊరికే రాలేదు లే, వేగం నాలుగింతలైతే తిప్పే బలం నాలుగో వంతు. జీన్సు మడత దగ్గర మొరాయించేది అందుకే.

ఇంకా తమాషా సూది దగ్గరుంది. చేత్తో మెల్లగా తిప్పుతూ చూశాను. సూది అడుగుకంటా దిగి, వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఆ క్షణంలో వెనకాల దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది, కింది దారాన్ని మోసే షటిల్ ముక్కు వచ్చి దాన్ని పట్టుకుపోతుంది. సూది బట్టలోంచి పూర్తిగా బయటికొచ్చాకే కింది పళ్ళు బట్టని ముందుకి తోస్తాయి. అంతా ఒకే చక్రం నడిపిస్తోంది! చేతి సూదికి బెజ్జం వెనకుంటుందా, దీనికి మొన దగ్గర. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషనులోనూ అంతే.

చివర్లో బట్ట అడుగున దారం ఉండలు కట్టింది. గంటసేపు కింది దారం చుట్టుండే బాబిన్‌తో కుస్తీ పట్టాను. అమ్మ వచ్చి పైదారం బిగువు మర అర చుట్టు తిప్పింది, సరిపోయింది!

దిండు గలీబు ఒకటి పంపుతున్నాను. కుట్టు వంకర గురించి నోరెత్తావో, రెండోది పంపను.

నీ
రవి