మా అమ్మ మందుల డబ్బా గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మందుల కవరు మీద చదువు రానివాళ్ళకి అర్థమయ్యే బొమ్మలు వేయించమని సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది పి.గన్నవరం వైపు గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. మా అమ్మకి 64 ఏళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. చదవడం రాదు. మందులన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని రంగు చూసి వేసుకుంటుంది. గులాబి బిళ్ళ పొద్దున్న టిఫిను ముందు, పెద్ద తెల్లది రెండు పూటలా అన్నం తిన్నాక, చిన్న తెల్లది రాత్రి పడుకునే ముందు. ఆరేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. మా వీధిలో పెద్దవాళ్ళైన ఆడవాళ్ళు చాలామంది ఇలాగే వేసుకుంటారు.

మొన్న ఆగస్టులో, ఊళ్ళోకి నెలకోసారి వచ్చే మందుల బండిలో గులాబి బిళ్ళకి బదులు కోలగా ఉన్న తెల్ల బిళ్ళ ఇచ్చారు. మందు అదే, కంపెనీ మారింది. ఇచ్చినమ్మాయిని తప్పు పట్టను. అంత లైనుంటే ఎంతమందికని విడమరిచి చెబుతుంది? కవరు మీద ఇంగ్లీషులో ఏదో రాసిచ్చింది. డబ్బాలో పాత గులాబివి ఇంకా మిగిలున్నాయి. ఇది కొత్తగా కలిపిన మందు అనుకుని అమ్మ రెండూ వేసుకుంది.

నాలుగో రోజు సాయంత్రం ఒళ్ళంతా చెమటలు పట్టి చీర తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, చనిపోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. పక్షవాతమేమోనని వణికిపోయాం. ఆర్‌ఎంపీ గారు వేలు గుచ్చి చూస్తే షుగరు 42కి పడిపోయింది. ఒకే షుగరు మందు రెండింతలు పడిందన్నమాట. కాజ్‌వే మీద వరద నీళ్ళు. గ్లూకోజు సీసా నేను చేత్తో ఎత్తి పట్టుకుని పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాను.

ఆసుపత్రిలో ఒక కాగితమిచ్చి సంతకం పెట్టమన్నారు. తేరుకున్నాక అమ్మే పెట్టింది. అందులో ఏముందో ఆవిడకి తెలియదు. పెద్దవాళ్ళకి చదువు నేర్పే సాక్షర భారత్ పథకం కేంద్రానికి రాత్రిపూట వెళ్ళి నేర్చుకున్న సంతకం అది. వేలిముద్ర తప్పిందని అప్పట్లో ఎంత సంబరపడిందో. చదవడం వచ్చేలోపే 2018లో ఆ పథకం ఆగిపోయింది. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి తూర్పు గోదావరి అక్షరాస్యత దాదాపు 71 శాతం. సంతకం మాత్రమే వచ్చిన మా అమ్మలాంటి వాళ్ళని అందులో ఏ వైపు వేశారండీ? ఇప్పుడు పెద్దవాళ్ళ చదువుకి ఉల్లాస్ అనే కొత్త పథకం అంటున్నారు, 2027 దాకా ఉందంటున్నారు. మా ఊళ్ళో మాత్రం ఒక్క పలకా కనపడలేదు. ఆ క్లాసులు పెడితే అ, ఆ లతో పాటు మందుల అట్ట ఎలా చూడాలో కూడా నేర్పించండి.

డాక్టర్లు మందు చీటీ స్పష్టంగా, వీలైతే పెద్ద (క్యాపిటల్) అక్షరాల్లో రాయాలని 2016లోనే రూలు వచ్చింది. పెద్ద అక్షరాలైనా అవి ఇంగ్లీషువే. మా అమ్మకి ఏం ఉపయోగం? కవరు మీద పొద్దుటి మందుకి సూర్యుడు, రాత్రి మందుకి చంద్రుడు, ఎన్ని బిళ్ళలైతే అన్ని చుక్కలు అచ్చు వేయించండి. బిళ్ళ రంగు మారిన నెలలో పాతవి తెమ్మని చెప్పి, పక్కన పెట్టి చూపించమనండి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక్కసారి ఆ డబ్బా తెరిచి చూసినా చాలు. దీనికి కోట్లు అక్కర్లేదు కదండీ. దయచేసి ఇదొక్కటి చేయండి.

అప్పటి నుంచి నేను చేతిలో పెడితేనే అమ్మ బిళ్ళ వేసుకుంటోంది. రంగు మీద నమ్మకం పోయింది. నాకు వీసా వచ్చింది. జనవరిలో కువైట్ వెళ్తున్నాను, రెండేళ్ళు రాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఈలోపు ఆ కవరు మీద బొమ్మలు వేయించండి సార్.

ఇట్లు,
లంకలో ఒక కూతురు