ఫ్లాట్‌లో వడ్రంగం పెట్టుకోవాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. నా బాల్కనీ అనుభవం చెప్తాను. కరెంటు రంపం కొనకండి. పెద్ద చెక్కలు టింబర్ డిపోలోనే కొలతకు కోయించుకోండి, మిగతా పనికి చేతిరంపం, ఉలి, చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) చాలు. చిత్రిక పడితే దుమ్ము రేగదు, పల్చటి చుట్టలుగా పొట్టు రాలుతుంది, చీపురుతో ఎత్తేయొచ్చు. అసలు దుమ్మంతా గరుకు కాగితంతోనే. టేకు పొడికి నా గొంతు మండిపోయింది, ఎన్95 మాస్క్ తప్పనిసరి.

చప్పుడు కింద ఇంటికి పోకుండా పని చేసే బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. నేనైతే సాయంత్రం ఏడు దాటితే సుత్తి ముట్టను, కింద ఇంట్లో పసిపాప ఉంది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి: చెక్కకు పట్టించిన అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. విడిగా పరిచి ఆరబెట్టండి.