ఎంబీఏ చదివినవాళ్లు పంచాయతీకీ రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎంబీఏ అనగానే కార్పొరేట్ ఉద్యోగమే గుర్తొస్తుంది గానీ, ఆ చదువు అవసరం పంచాయతీ ఆఫీసులోనే ఎక్కువ. రాజస్థాన్‌లోని సోడా గ్రామంలో ఛవి రాజావత్ ఎంబీఏ చేసి, కార్పొరేట్ ఉద్యోగం మానేసి 2010లో సర్పంచ్ అయ్యారు, ఊరి చెరువు పూడిక తీయించడానికి పట్టుబట్టారు. మన ఊళ్ల సంగతి చూడండి. పంచాయతీలకు కేంద్రం 2021–26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని, మిగతా 40 శాతాన్నీ జీతాలకు వాడకూడదని నిబంధన. అలాంటప్పుడు బోరు మోటారు కాలిపోతే రిపేరు డబ్బు ఏ పద్దులోంచి తీయాలి, ఇంటిపన్ను వసూలు కాకముందే వచ్చిపడే వీధి లైట్ల కరెంటు బిల్లు ఎలా కట్టాలి? క్యాష్ ఫ్లో, అంటే డబ్బు రాకపోకల లెక్క, అని క్లాసులో చెప్పేది సరిగ్గా ఇదే! డిగ్రీ ఉంటేనే పోటీ చేయాలని నేను అనను, రాజస్థాన్ కూడా చదువు నిబంధన పెట్టి 2019లో తీసేసింది. కానీ మేనేజ్‌మెంట్ కాలేజీలు విద్యార్థులతో ఒక్క ఇంటర్న్‌షిప్ అయినా పంచాయతీలో చేయించాలి.

— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా