ఈ-బుక్కులు కలిసి కొనిపించండి, సంతకానికి ముందు మమ్మల్ని అడగండి

గ్రంథాలయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక చిన్న లైబ్రరీలో లైబ్రేరియన్‌ని. పోయిన నెల పక్క లైబ్రరీల వాళ్లు ఇద్దరు వస్తే, ముగ్గురం మా ఈ-బుక్ జాబితాలు ప్రింట్ తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకున్నాం. పెన్సిల్‌తో టిక్కులు కొట్టుకుంటూ పోతే, రెండో పేజీలోనే ఒక స్టాటిస్టిక్స్ పుస్తకం దగ్గర ముగ్గురం ఆగిపోయాం. ముగ్గురమూ అదే కొన్నాం. మా లైసెన్స్ ప్రకారం ఒకసారి ఒక్కరే చదవగలరు కాబట్టి, మా దగ్గర దానికి 11 మంది వెయిటింగ్‌లో ఉన్నారు. మిగతా రెండు చోట్లా ఏడాదిగా తెరిచినవాళ్లే లేరు. అచ్చు పుస్తకమైతే అప్పుడే సంచిలో వేసి ఇచ్చేవాళ్లు. ఈ-బుక్‌ని అలా ఇవ్వడానికి లైసెన్స్ ఒప్పుకోదు.

కొన్నాం అంటున్నాను గానీ, చాలావరకు అది అద్దే. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే పబ్లిషర్ ఒక ఈ-బుక్‌ని 26 సార్లు అరువిచ్చాక మళ్లీ డబ్బు కట్టాలని లైబ్రరీలకు షరతు పెట్టింది. రెండేళ్లకే గడువు తీరిపోయే లైసెన్సులు అమ్మే పబ్లిషర్లూ ఉన్నారు. ఇలాంటి బేరంలో ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు వెళితే చిన్న లైబ్రరీ మాట వినేవాళ్లెవరు?

అందుకే లైబ్రరీలన్నీ ఒక కూటమిగా ఈ-బుక్కులు కొనే ఏర్పాటు చేయమని అడుగుతున్నాను. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో ఆర్బిస్ కాస్కేడ్ అలయన్స్ అనే యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీల కూటమి 2011లో దీన్ని మొదలుపెట్టింది. పుస్తకాల వివరాలు ముందే 36 లైబ్రరీల కేటలాగుల్లో పెట్టేశారు. పాఠకుడు తెరిచేదాకా పైసా కట్టలేదు. మొదటి కొన్ని సార్లకు చిన్న అద్దె కట్టారు, ఆ లెక్క దాటితే పుస్తకం కొన్నారు. అందరూ వాడుకుంటారు కాబట్టి పబ్లిషర్లకు అసలు ధరకు 5 రెట్లు ఇచ్చారు. వినగానే ఎక్కువనిపిస్తుంది. 36 మందికి పంచి చూడండి, ఒక్కొక్కరి వంతు అసలు ధరలో ఏడో వంతు కూడా పడదు. ఎవరూ చదవని పుస్తకానికి ఖర్చే లేదు.

అయితే 2014 వచ్చేసరికి చాలామంది పబ్లిషర్లు ఆ చిన్న అద్దెలను పెంచేశారు. కూటమి కట్టగానే కష్టాలు తీరిపోవు, ఒప్పందం కాలమంతా అద్దె పెంచకూడదన్న మాట కాగితం మీద ఉండాలి. డిస్కౌంట్ ఎంత ఇస్తారన్నది నాకు ఆ తర్వాతి సంగతి.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పెద్ద లైబ్రరీ పాఠకులు వేలల్లో ఉంటారు. ఉమ్మడి వెయిటింగ్ లిస్టులో మావాళ్లు ఎప్పుడూ చివర్లోనే ఉంటారేమో! దీనికి లైబ్రరీలకు ఈ-బుక్కులు అందించే ఓవర్‌డ్రైవ్ అనే కంపెనీలో అడ్వాంటేజ్ అనే పద్ధతి ఉంది. కూటమిలో ఉంటూనే ఒక లైబ్రరీ తన పాఠకుల కోసం విడిగా అదనపు కాపీలు కొనుక్కోవచ్చు. మీ ఏర్పాటులోనూ అలాంటి వెసులుబాటు ఉండాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది బయటికి వచ్చే దారి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర లైబ్రరీ 2011లో ఖర్చు పెరుగుతోందని ఈ-బుక్కులు అందించే ఒక కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి మారాలనుకుంది. అప్పటికే డబ్బు కట్టిన పుస్తకాలను కొత్తచోటికి తీసుకెళ్లడానికి పబ్లిషర్లను అనుమతి అడగాల్సి వచ్చింది. మన పుస్తకాలకు మనమే పర్మిషన్ అడుక్కోవడం అన్నమాట. ఈ-బుక్కులు అందించే ఏజెన్సీ మారినా, ఒక లైబ్రరీ కూటమి వదిలి వెళ్లినా కొన్న పుస్తకాలు ఎవరి దగ్గర ఉంటాయో ముందే రాయించండి. ఏ పుస్తకాన్ని ఎక్కడ ఎందరు తెరిచారో నెలనెలా మాకు తెలియాలి. పాఠకుల పేర్లు మాత్రం ఏజెన్సీ చేతికి పోకూడదు.

సంతకం పెట్టే ముందు ఆ ఒప్పందం చిత్తుప్రతిని లైబ్రేరియన్లకు ఒక వారం చదవనివ్వండి. పెన్సిల్ టిక్కులున్న ఆ మూడు జాబితాలు నా దగ్గరే ఉన్నాయి. మీ ఆఫీసు నుంచి ఎవరైనా అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్