బీ1 బీ2 వచ్చేశాయన్నావుగా!

గుంటూరు,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

నీ వాట్సాప్ మెసేజ్ పొద్దున చూశాను. "బీ1 బీ2 వచ్చేశాయి" అని ఒక్క ముక్క రాసి, దాని కింద డప్పుల బొమ్మలూ టపాకాయల బొమ్మలూ పెట్టావు. నిజం చెప్పనా, ఒక్క క్షణం నాకు బుర్ర తిరిగింది. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి కదా, బీ1, బీ2 అంటే నాకు గుర్తొచ్చేవి ఇంగ్లీషు లెవెల్సే. పదో తరగతి ఇంగ్లీషులో సరిగ్గా ముప్ఫై అయిదు తెచ్చుకుని గట్టెక్కిన మహానుభావుడు రాత్రికి రాత్రి బీ2 ఎలా అయ్యాడబ్బా అనుకున్నాను. అది అమెరికా విజిటర్ వీసా పేరని ఆ తర్వాత వెలిగింది. మొత్తానికి డల్లాస్ ప్రయాణం ఖాయమన్నమాట. మేనకోడలికి నా ఆశీస్సులు చెప్పు.

సాయంత్రం నువ్వు ఫోన్లో అడిగిన దానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మూడు నెలల్లో మీ చెల్లెలికి ఇంగ్లీషు వచ్చేస్తుందా?" అన్నావు. వస్తుంది అంటే అబద్ధం, రాదు అంటే అదీ అబద్ధం. ఉత్తరమైతే తీరిగ్గా చెప్పొచ్చని కూర్చున్నాను.

మా వ్యాపారంలో గోడల మీద "90 రోజుల్లో గలగలా ఇంగ్లీషు" అని రాయించేవాళ్లకి కొదవ లేదు. మొదట్లో నేనూ అలాంటి పాంప్లెట్లు వేయించి పేపర్లలో పెట్టి పంచాను, ఆ పాపం నాకు ఉంది. లెక్క చూడు. యూరప్‌లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ అని ఒకటుంది, వాళ్లు 2001లో భాష నేర్చుకునేవాళ్లకి ఆరు మెట్లు కట్టారు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. పేరూ ఊరూ ధరా చెప్పుకోగలిగితే ఏ1. బస్సు దగ్గరా మందుల షాపు దగ్గరా పని గడుపుకోగలిగితే ఏ2. ప్రయాణంలో ఏదైనా చిక్కొస్తే నోరు తెరిచి బయటపడగలిగితే బీ1. ఆఫీసులో వాదన పెట్టుకోగలిగితే బీ2. ఆపైన రెండూ పెద్ద చదువుల వాళ్లవి. టీచరు దగ్గర ఏ2 దాకా రావడానికి 180 నుంచి 200 గంటలు, బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600 పడతాయని కేంబ్రిడ్జ్ పరీక్షల వాళ్ల అంచనా. సీ2కి వెయ్యి దాటుతుంది. అన్నీ మొదటి రోజు నుంచి లెక్క. రోజుకో గంట చొప్పున 90 రోజులంటే 90 గంటలు, ఏ2లో సగం దారి. దాన్ని గలగలా అనరు, నత్తినత్తిగా అంటారు.

అయినా నువ్వు దిగులుపడకు. చెల్లెమ్మ సున్నా దగ్గర లేదు.

నా క్లాసులో కొత్తగా చేరిన ఆడవాళ్లకి మొదటి రోజు నేను ఇచ్చే పని ఒక్కటే. ఒక నోటుబుక్కు తీసుకుని, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునే దాకా నోటివెంట వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకు రమ్మంటాను. కిందటేడు ఒకావిడ వచ్చింది. బ్రాడీపేటలో ఇడ్లీ బండి నడుపుతుంది, అయిదో తరగతి దాకా చదివింది. కూతురు కాన్పుకి నీలాగే అమెరికా వెళ్లాలి. "నాకు ఇంగిలీషు ముక్క రాదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాడు నోటుబుక్కు తెచ్చింది. బ్రష్షు, పేస్టు, గ్యాసు, స్టవ్వు, లైటరు, కుక్కరు, గ్రైండరు, ప్లేటు, గ్లాసు, పార్సిలు, కవరు, చిల్లర (ఇది ఇంగ్లీషు కాదమ్మా అన్నాను, కొట్టేసింది), ఫోన్ పే, స్కానరు, ఆటో, బ్రేకు, కరెంటు, ఫ్యూజు, మోటారు, ట్యాంకు... ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. నూట నలభై రెండు. ఆవిడ ఆ పేజీని అలా చూస్తూ ఉండిపోయింది. తన పెట్టెలో ఎవరో నగలు దాచిపెట్టి వెళ్లినట్టు.

మనం చేసిన పనల్లా ఆ మాటల చివర ఒక "ఉ" తగిలించడమే. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ఆగాలి, లేకపోతే మన నోటికి తోచదు. అందుకే బస్సు, కారు, టికెట్టు. ఆ ఉకారం కోసేస్తే సగం పని అయిపోయినట్టే.

రెండు నెలలయ్యాక ఆవిడకి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాను. నేను ఎయిర్‌పోర్టు ఆఫీసర్ని. కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, "వై ఆర్ యూ కమింగ్?" అన్నాను. "డాటర్. డెలివరీ." "హౌ లాంగ్?" "సిక్స్ మంత్స్." నాకు కొంచెం కొంటెతనం పుట్టి, డెలివరీ రెండు నెలల్లో అయిపోతుంది కదా, ఆరు నెలలు ఎందుకని ఇంగ్లీషులో గద్దించాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత నన్నే అమాయకుణ్ణి చూసినట్టు చూసి, "బేబీ స్మాల్ సార్. బాత్ హూ? మీ!" అంది. క్లాసంతా చప్పట్లు. ఆ రెండు ముక్కల్లో క్రియ అనేది లేదు, వ్యాకరణం అసలే లేదు. కానీ ఏ ఆఫీసరైనా స్టాంపు కొట్టాల్సిందే.

బావా, ఏ1 వాళ్లకి ఉన్న ధైర్యం పైమెట్ల వాళ్లకి ఉండదు. నాకు ఇన్నేళ్లలో తెలిసొచ్చింది ఇదే. అసలు యాతన మధ్యలో ఉంది. ఆ మధ్యలోనే నేను ఒక తప్పు చేశాను, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్ల కిందట ఒక బీటెక్ కుర్రాడు చేరాడు. నర్సరీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. గ్రామర్ పేపరిస్తే నూటికి తొంభై. నోరు తెరవమంటే మాత్రం చెమటలు. క్యాంపస్ ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే "మైసెల్ఫ్" అని మొదలెట్టి అక్కడే ఆగిపోయాడట. నేనేం చేశానంటే, ఒకరోజు వాణ్ణి లేపి మీ ఇంటి గురించి చెప్పమన్నాను. "మై ఫాదర్ ఈజ్ హ్యావింగ్ త్రీ ఏకర్స్" అన్నాడు. ఆపాను. "హ్యావింగ్ కాదు, హ్యాజ్." మళ్లీ మొదలెట్టాడు. "హీ ఈజ్ పుట్ మిర్చి..." మళ్లీ ఆపాను. "పుట్ ఏంటి, మిర్చి ఏంటి, చిల్లీ అనాలి." మూడోసారి వాడు నోరు తెరిచి, నా మొహం చూసి, కూర్చున్నాడు. మర్నాడు రాలేదు. ఫోన్ చేస్తే "పనుంది సార్" అన్నాడు. కట్టిన ఫీజు కూడా అడగలేదు.

తర్వాత వాడి ఫ్రెండు చెప్పాడు, వాడు ఆ రోజు చెప్పబోయింది తామర పురుగు సంగతని. 2021లో మన జిల్లా మిర్చి చేలన్నీ తినేసిందే, ఆ పురుగు. వాళ్ల మూడెకరాలూ పోయి, నాన్న అప్పులపాలయ్యాడట. అంత మాట గొంతు దాకా తెచ్చుకున్నవాణ్ణి నేను "హ్యాజ్" దగ్గర ఆపాను.

ఆ తప్పు వాడిదీ కాదు. తెలుగులో "కలిగి ఉండు" అని ఎవడంటాడు? మా నాన్నకి మూడెకరాలు ఉంది అంటాం. నాకు జ్వరం వచ్చింది, నాకు నిద్ర పట్టలేదు. అన్నీ మనకే వస్తాయి, మనకే పోతాయి, మనం చేసేదేం లేదు. ఇంగ్లీషులో ఎకరాలైనా జ్వరమైనా ఆ మనిషి "హ్యావ్" చెయ్యాలి. మెట్టు కింద ఉన్నవాడికి ఈ తేడా తెలీదు కాబట్టి హాయిగా మాట్లాడేస్తాడు. బీ1 దగ్గరికొచ్చినవాడికి తన తప్పు తన చెవినే పడుతుంది. పడగానే నోరు మూతపడుతుంది. ఇప్పుడు ఆ మెట్టు మీద ఉన్నవాళ్లని నేను మాట మధ్యలో ఆపడం మానేశాను. అంతా చెప్పనిచ్చి, చివర్లో ఒక్కటంటే ఒక్కటి దిద్దుతాను. నలుగురి ముందు కాదు, వరండాలో.

ఇంకా పైమెట్టు మీద ఇప్పుడు ఒక నర్సమ్మాయి ఉంది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం కావాలి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడటం మూడింట్లో ఏడేసి, రాయడంలో ఆరున్నర రావాలి. మిగతావన్నీ వచ్చేశాయి, రాయడం మాత్రం మూడుసార్లూ ఆరు దగ్గరే ఆగింది. ఒక్కోసారికి పదిహేడు పద్దెనిమిది వేలు. ఎక్కడో కోచింగ్‌లో ఆ పిల్లకి వ్యాసం మొదలుపెట్టే వాక్యాలు ఓ ఇరవై బట్టీ పట్టించారు. ఏ టాపిక్ ఇచ్చినా "ఈ ఆధునిక యుగంలో" అన్న టైపులో ఊరేగింపుగా మొదలవుతుంది. అసలు విషయానికి వచ్చేసరికి గంటలో సగం గడిచిపోతుంది. "ఆపరేషన్ పేషెంటు తాలూకు వాళ్లకి మందుల సంగతి చెప్తావే, అలా రాయి" అన్నాను. మొన్న నాలుగోసారి రాసింది, ఫలితం ఇంకా రాలేదు. నిన్న మాత్రం ఒక ప్రశ్న అడిగి నా నోరు మూయించింది: పేషెంటు "ఇన్ హాస్పిటల్"లో ఉన్నాడా, "ఇన్ ద హాస్పిటల్"లో ఉన్నాడా? ఇంగ్లండ్ వాళ్లు మొదటిది అంటారు, అమెరికా వాళ్లు రెండోది. ఎందుకని అడక్కు.

ఇక నా సంగతంటావా. గుర్తుందా, నేను సీఫెల్ (ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇచ్చే సంస్థ) దూరవిద్య సర్టిఫికెట్ కోసం హైదరాబాదు తార్నాక వెళ్లి ఉన్నాను? 1958లో పెట్టిన సంస్థ అది, 2007లో ఇఫ్లూ అనే యూనివర్సిటీ అయింది. అక్కడ అన్ని రాష్ట్రాల టీచర్లూ వచ్చేవాళ్లు. భోజనాల దగ్గర ఎవరో ఇంగ్లీషులో జోకేస్తే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, అర సెకను ఆలస్యంగా. ఆ అర సెకను ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కోపం కూడా ఇంగ్లీషులో రాదు నాకు. మంచం కోడు కాలికి తగిలితే "అమ్మా" అంటాను గానీ "ఔచ్" అనను. కాబట్టి నేను పైమెట్టు ఎక్కి కిందికి చూస్తున్నానని అనుకోకు.

అన్నట్టు చెల్లెమ్మ బెంగపడితే ఇది చెప్పు. "మీ అల్లుడు వాళ్లింట్లో ఎన్నోవాడు?" అన్న ముక్క ఇంగ్లీషులో అడగమను ఎవరినైనా. నాలుగు వాక్యాలు తిప్పితే గానీ రాదు. ఆ భాషకీ లోట్లున్నాయి.

ఇక పనికొచ్చే మాట. చెల్లెమ్మకి మన ఇంగ్లీషు చాలానే వచ్చు గానీ, కొన్ని అక్కడ చెల్లని నోట్లు. టిఫిన్ అంటే అర్థం కాదు. పెరుగు "కర్డ్" కాదు, "యోగర్ట్" అంటారు. కారు డిక్కీ "ట్రంక్". కూల్‌డ్రింకు "సోడా". తిన్నాక బిల్లుని "చెక్" అంటారు. హోటలు అంటే పడుకునే చోటు, అన్నం పెట్టేది "రెస్టరెంట్". నీకొక్కటి ప్రత్యేకం: "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 1991" అని ఎవరితోనూ అనకు. స్పృహ తప్పి పడిపోయావనుకుంటారు.

నువ్వు కూడా నోరు తెరవాలి రోయ్. హైస్కూల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా "మే ఐ కమిన్ సార్" అనేది ఒకే మాటగా "మేకమ్మిన సార్" అని, పాపం ఇంగ్లీషు మాస్టారు ఎప్పుడూ మేకలు అమ్మలేదని తెలిసి కూడా, అయిదేళ్లు లాగించావు. ఆయన ఒక్కసారి కూడా దిద్దలేదు. రానిచ్చేవాడు.

వచ్చే ఆదివారం ఇద్దరూ ఒంగోలు నుంచి పొద్దున బస్సుకి వచ్చేయండి. మీ చెల్లి గోంగూర పులిహోర చేస్తానంటోంది. చెల్లెమ్మని నోటుబుక్కు నింపుకుని రమ్మను, నూట నలభై రెండు దాటాలి. సాయంత్రం నేను కస్టమ్స్ ఆఫీసర్ వేషం వేస్తాను. "ఎనీ ఫుడ్?" అంటే "నో" అనకూడదు, అన్నీ చెప్పెయ్యాలి అక్కడ. "యెస్ సార్. మ్యాంగో పికిల్. నో మీట్." నాటుకోడి పచ్చడి మాత్రం ఇంట్లోనే పెట్టేసి వెళ్లండి. లేకపోతే మా ఇంట్లో.

నీ
బావ