సముద్రం పక్కన ఇసుక కొన్నాం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం శ్రావణంలో వచ్చింది, ఇప్పుడు ఆశ్వయుజం. ఆలస్యానికి తిట్టు, పడతాను, కానీ ఇదంతా చదివాక తిట్టు. ఇక్కడ అందరం క్షేమం. పెద్దవాడు పదో తరగతికి వచ్చాడు. కొబ్బరి దింపు ఈసారి తక్కువే. మీ చెల్లెలి గృహప్రవేశానికి రాలేకపోయిన సంగతి వేరే రాస్తాను.

మొన్న రాత్రి కుండపోతగా వాన కురిసింది. మా పెరట్లో నీళ్ళు నిలవలేదు! ఇది చెప్పాలనే రెండు రోజులుగా కాగితం కోసం వెతుకుతున్నాను.

అమ్మకు తుంటి ఎముక విరిగిన సంగతి నీకు తెలుసు కదా. ఆపరేషన్ తరువాత రెండు పూటలా వాకర్ పట్టుకుని నడవమన్నారు. ఎక్కడ నడుస్తుంది? అంతర్వేది దగ్గర మా ఇళ్ళన్నీ ఇసుక మీదే. వాకర్ కాళ్ళు దిగబడిపోతాయి. గచ్చు చేయిస్తానంటే, జారి పడితే రెండో తుంటీ పోతుందని ఆవిడ భయం. కడియం నర్సరీల నుంచి పచ్చిక తెచ్చి రెండుసార్లు నాటాను. ఎండాకాలం బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయి, రెండుసార్లూ మాడిపోయింది. అందుకని కిందటేడు కృత్రిమ పచ్చిక వేయించాను.

వేసినవాళ్ళు ఇసుకను చెక్కతో చదును చేసి, దాని మీదే చాపలా పరిచి, చుట్టూ ఇనుప మేకులు కొట్టి ఒక్క పూటలో వెళ్ళిపోయారు. ఇసుక నేల కాబట్టి నీళ్ళు వాటంతటవే ఇంకిపోతాయన్నారు. కార్తీకంలో వాయుగుండం వచ్చింది. చూరు నీళ్ళు పడినచోట అడుగున ఇసుక కొట్టుకుపోయింది. పైకి పచ్చగానే కనిపిస్తుంది, అడుగు వేస్తే గుంట. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి అంచులు లేచాయి. ఒకరోజు ఆ అంచుకు వాకర్ తగిలి అమ్మ తూలింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి... వద్దులే, అది రాయలేను.

అప్పుడు రాజోలు నుంచి ఒక మేస్త్రిని పిలిచాను. అరవై దాటిన మనిషి. ఆయన వచ్చీ రాగానే ఒక మూల గొయ్యి తవ్వాడు. రెండడుగులు దిగేసరికి ఊట! "బాబూ, ఇసుకలో నీళ్ళు గబగబా దిగుతాయి, నిజమే. కింద ఇప్పటికే నీళ్ళుంటే ఎక్కడికి దిగుతాయి?" అన్నాడు. ఇంత చిన్న విషయం నాకెవరూ చెప్పలేదు సూరీ. మనది డెల్టా కొస. వానలు పడి, గోదావరికి సముద్రపు పోటు ఎక్కితే నేలలో నీటిమట్టం లేస్తుంది. మే నెలలో గొయ్యి తవ్వి చూసి ఇసుక నేలకు భయం లేదనుకుంటే మోసపోతాం. చూడాల్సింది వానల్లో.

అందుకే వేసవి దాకా ఆగి మొదటి నుంచి చేయించాను. పెరడంతా అడుగు ఎత్తు లేపి, ఇసుకను తడిపి యంత్రంతో అణచారు. ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా ఏడు మీటర్లు, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు. మేస్త్రి నీళ్ళ గొట్టంతో మట్టం చూస్తూంటే నేను రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. ఇసుక మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళను దించి ఇసుకను ఆపేది), ఒక ముక్క మీదికి ఇంకో ముక్క 30 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచారు. అది లేకపోతే రాయి ఇసుకలోకి కూరుకుపోతుంది, ఇసుక రాళ్ళ సందుల్లోకి చేరుతుంది. దాని మీద పది సెంటీమీటర్ల కంకర, పైన సన్న రాతి చిప్స్. రాతి పొడి ఎక్కువైతే సందులు పూడిపోతాయని ఒక లారీని మేస్త్రి వెనక్కి పంపేశాడు! చూరుకు తూములు పెట్టి ఆ నీళ్ళను వేరే గొట్టంలోకి మళ్ళించాడు. ప్రహరీ పొడవునా చిల్లుల గొట్టం, దానికీ గుడ్డ చుట్టి, బోదెలోకి, అంటే చిన్న కాలువలోకి, వదిలాడు. దాని మూతి కిందటేడు బోదె నిండినప్పటి గుర్తుకు జానెడు పైన పెట్టాడు, లేకపోతే బోదె నీళ్ళే ఎదురొస్తాయి.

పచ్చిక చుట్టలు నరసాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద వచ్చాయి. పోచలన్నీ ఒకే వైపు వాలేలా పరిచి, పొడి ఎండలో అతుకులు అంటించారు. మేకులు ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇక పోచల మధ్య చల్లడానికి కడిగిన సిలికా ఇసుక బస్తాల్లో దిగేసరికి అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, "సముద్రం పక్కన కాపురముంటూ ఇసుక కొంటావా!" అని ఒకటే కేకలు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుందనీ, మరీ సన్నగా ఉంటే పచ్చిక అడుగున చిల్లులు మూసుకుపోతాయనీ మేస్త్రి ఆవిడకు చిప్పలో నీళ్ళు పోసి మరీ చూపించాడు. మధ్యాహ్నం ఎండకు మాత్రం ఈ పచ్చిక కాలుతుంది, చెప్పులు లేకుండా నిలబడలేం. నీళ్ళు చల్లితే కాసేపు చల్లబడుతుంది, అంతే. అందుకే అమ్మ నడక తెల్లవారుజామున, పొద్దువాలాక.

మొన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. కరెంటు లేదు. టార్చి తీసుకుని, గొడుగు వేసుకుని (అవును, ఆ గొడుగే, ఇంకా చిరగలేదు) బయటకు వెళ్ళాను. వాన దంచికొడుతోంది. పెరడంతా తళతళలాడింది, నా గుండె జారింది. వంగి చెయ్యి పెట్టి చూశాను. పోచల తడే తప్ప నీళ్ళు లేవు! ప్రహరీ దగ్గర గొట్టంలోంచి బోదెలోకి బుడబుడమని ఒకటే చప్పుడు. చాలాసేపు అక్కడే నిలబడి విన్నాను.

తెల్లారి లేచేసరికి అమ్మ మంచం మీద లేదు. పరుగెత్తుకుంటూ వెళ్తే పెరట్లో ఉంది. వాకర్‌ను కొబ్బరిచెట్టుకు ఆనించేసింది! చెట్టు నుంచి తులసికోట దాకా, వట్టి కాళ్ళతో, ఒక్కర్తే

పంటుకు వెళ్ళే కుర్రవాడు వచ్చేశాడు, ఇది నరసాపురంలో పోస్టు చేస్తాడు. సంక్రాంతికి నువ్వు రావాలి, అమ్మ అడిగింది. మిగతాది