మంత్రి గారూ, డయాలసిస్ గది బయట ఒక బోర్డు పెట్టించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం పేరు చెబితే చాలు, మీ శాఖలో వేరే పరిచయం అక్కర్లేదు. మా నాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్ బెడ్డెక్కుతారు, ఒక్కో దఫా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చునే మాలాంటి వాళ్ల కోసమే ఏజెంట్లు వస్తారు.

పోయినేడు ఒకతను వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. "నాన్నగారి పొట్ట కొవ్వులోంచే స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, తీసి నరంలోకి ఎక్కిస్తారు. బయటి మందు కాదు గదా, సైడ్ ఎఫెక్టుండదు. ఆరు నెలల్లో డయాలసిస్ మానేయొచ్చు" అన్నాడు. నాలుగు లక్షలు. అర ఎకరం జీడితోట తాకట్టు పెట్టాం. నగరంలో ఒక క్లినిక్‌లో రెండు ఇంజెక్షన్లు చేశారు. ఆరు నెలలు గడిచాయి, వారానికి రెండు డయాలసిస్‌లూ అలాగే ఉన్నాయి. "డయాలసిస్ మాన్పించలేదు గానీ, తోట మాన్పించీసినాడ్రా" అని నాన్న నవ్వుతారు. అమ్మ నవ్వదు.

డబ్బు పోయాక చదివాను. నరంలోకి ఎక్కించిన అలాంటి కణాల్లో ఎక్కువ భాగం కిడ్నీ దాకా పోనే పోవట, ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయట. రక్త క్యాన్సర్, తలసేమియా వంటి రక్త సంబంధ జబ్బులకు స్టెమ్ సెల్స్‌తోనే చేసే ఎముక మూలుగ మార్పిడి మాత్రం నిలబడ్డ వైద్యం. దాన్ని నేనేమీ అనడం లేదు, సీతంపేట వైపు సికిల్ సెల్ అనే రక్త జబ్బుతో బాధపడే పిల్లలకు అది అందితే సంతోషమే. కిడ్నీకీ, పక్షవాతానికీ, మోకాలికీ అంటే స్టెమ్ సెల్ వైద్యం ప్రయోగం కిందే లెక్కని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయోగమైతే అనుమతి ఉండాలి, రోగి చేత డబ్బు కట్టించకూడదు. మాకు ఇచ్చింది మాత్రం రసీదు.

ఇంకో సంగతి. కొన్ని జబ్బుల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదంటూ 1954లోనే ఒక చట్టం వచ్చింది. ఆ జాబితాలో మధుమేహం, పక్షవాతం ఉన్నాయి, బ్రైట్స్ డిసీజ్ కూడా ఉంది. అది కిడ్నీ జబ్బుకు పాత పేరు. డెబ్బై ఏళ్ల కిందటి చట్టానికి మా జబ్బు తెలుసు, మా ఫోన్లలోకి వచ్చే వీడియోలకే ఆ చట్టం తెలియదు.

మేం ఎందుకు నమ్మామంటారా? పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు, సంతోషం. కానీ ఈ జబ్బు మాకే ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా ఎవరూ చెప్పలేదు. జవాబు లేని చోట జవాబుందన్నవాడు దేవుడిలా కనబడతాడు.

అందుకే అడుగుతున్నాను. ప్రతి డయాలసిస్ కేంద్రంలో, బెంచీకి ఎదురుగా, పెద్దక్షరాల తెలుగులో ఒక బోర్డు పెట్టించండి: "కిడ్నీ జబ్బుకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అనుమతించిన వైద్యం కాదు. డబ్బు కట్టకండి." కింద ఫిర్యాదుకు ఒక నంబరు. ఆ నంబరు ఎత్తే మనిషి కూడా ఉండాలి సార్.

నిన్న అతను మళ్లీ ఫోన్ చేశాడు, కొత్త నంబరు నుంచి. ఈసారి పుట్టే బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని స్టెమ్ సెల్స్ దాచే ప్యాకేజీ అట. మా చెల్లికి ఏడో నెల.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి కొడుకు,
కవిటి మండలం